వంకాయ రంగు కాడ ముంచాలె

అది కాదు, మీరే చెప్పుండ్రి. నిప్పుల కాలిన ఇనుపముక్కను మిట్టపగలు ఎండల వెట్టి చూస్తే ఏ రంగుల కనవడ్తది? ఎర్రగ అంటరు మీరు. తప్పు. నల్లగనే కనవడ్తది. ముట్టుకుంటే చెయ్యి పోతది గని, కంటికి మాత్రం సల్లటి ఇనుము లెక్కనే ఉంటది. అందుకే ఊర్లల్ల కమ్మరి కొట్టం అంత చీకటిగ ఉంటది. లోపటికి పోంగనే కండ్లు కనవడయ్, కాలికి ఏదో ఒకటి తాకుతది. ఈ కమ్మరోళ్లకు ఒక కిటికి పెట్టుకునే తెలివి లేదా అనుకుంటం. తెలివి ఉండే పెట్టుకోలే. చీకట్ల అయితేనే నిప్పు నిజం చెప్తది.

ఈ సంగతి కమ్మరి పోశయ్యకు తెల్వదా? తాతల కాడికెంచి తెలుసు. తెలిసి కూడ గల్ఫుకు పోయి రువైస్‌ల అదే తప్పు చేసిండు. పదిహేనేండ్లు కొలిమి మొఖం చూడక, ఒక్కసారి నిప్పు కనవడంగనే ఉరికిండు పాపం.

పోశయ్యది కోరుట్ల దిక్కు ఊరు. వాళ్ల నాయిన కొలిమి కాడ నాగలి కర్రులు, కొడవండ్లు, గొడ్డండ్లు, బండి గిల్లలకు ఇనుప పట్టాలు, అన్ని అయ్యేటివి. పెండ్లయి వచ్చిన మూడో దినమే పోశయ్య పెండ్లాం లక్ష్మవ్వ తిత్తి కాడ కూసున్నది. తిత్తి ఊదుడే కాదు, కర్రు సాగదీసేటప్పుడు పోశయ్య చిన్న సుత్తితోని ఇక్కడ అని దెబ్బ వేసి చూపెడితే, సమ్మెట ఎత్తి సరిగ్గ అక్కడనే కొట్టేది. మొగడు పెండ్లాలు కొట్లాడుకున్న దినం గూడ ఆ దెబ్బలు తప్పలేదంటరు. ఇంట్ల మాటల్లేవ్, ఇనుము వెట్టి కొట్టే దాగలి మీద మాత్రం టంగు టంగు.

తర్వాత ట్రాక్టర్లు వచ్చినయ్. ట్రాక్టరుకు పోశయ్యతోని పనేముంది? ఎడ్లు పోయినయ్, ఎడ్లతోని నాగండ్లు పోయినయ్, నాగండ్లతోని కర్రులు పోయినయ్. కొడవలి గూడ అంగడిల రంగుపిడితోని దొరుకవట్టె. పోశయ్య దుబాయ్ వచ్చిండు. మొదలు సోనాపూర్‌ల కూలోళ్ల క్యాంపుల ఉండె, తర్వాత కంపెనీ తీసుకవోయి రువైస్‌ల వడేసింది. ఆ దిక్కు సముద్రం, ఈ దిక్కు ఎడారి, నడుమ చిమ్నీలు. అబుధాబి పోవాలంటే బస్సుల కూసొని ఒక నిద్రవోయి లేవాలె. కార్డు మీద ఏం రాసిండ్రు? హెల్పర్ అని. ఇనుము మొయ్యి అంటే మోసిండు, ఇసుక ఎత్తు అంటే ఎత్తిండు. పదిహేనేండ్లల్ల ఆయన కమ్మరి అని అడిగినోడు లేడు, ఆయన చెప్పలే. చెప్తే ఏమొస్తది అనుకున్నడు.

కరోనా వచ్చిన ఎండకాలం, యార్డుల పాత కాంక్రీటు పునాదులు పలగ్గొట్టే పని నడుస్తుంది. బ్రేకర్ మిషిని ఉంటది కద, డుర్ర్ అని కొడ్తది, దాని మూతికి ఒక ఇనుప ఉలి ఉంటది. పాయింట్ అంటరు అందరు. అది మొద్దువారితే పారేసి కొత్తది పెట్టుడే. కని ఆ దినాల్ల కొత్తయి ఎక్కడివి? దుకాండ్లు బంద్, తొవ్వలు బంద్, దుబాయ్ కెంచి బండి వస్తలేదు. మొద్దు పాయింట్లు ఒక డ్రమ్ము నిండినయ్. ఫోర్‌మన్ అఖీల్ తలకాయ వట్టుకున్నడు. అఖీల్‌ది మెట్‌పల్లి, సగం ఉర్దూ సగం తెలుగు మాట్లాడ్తడు. పైనున్న ముదీర్, అదే మేనేజరు, పొద్దుకు నాలుగు సార్లు ఫోన్ చేసి పని ఎక్కడిదాక వచ్చిందని అడుగుతుండు.

పోశయ్య ఆ డ్రమ్ము కాడ నిలవడి ఒక పాయింట్ ఎత్తి చూసిండు. గోటితోని కొట్టి చెవు దగ్గర పెట్టుకున్నడు.

"ఏం వింటున్నవ్ పోశన్నా, పాటలొస్తున్నయా?" అన్నడు అఖీల్.

"మంచి ఇనుమే భాయ్. పారేసుడెందుకు, కాల్చి సాగదీస్తే మళ్ల నడుస్తది."

"ఎవరు సాగదీస్తరు?"

"నేను."

అఖీల్ నవ్విండు. "నువ్వా? నువ్వు హెల్పర్‌వి కద."

"హెల్పర్ మీరు రాసుకున్నరు. మా నాయిన రాసింది వేరే."

పక్కన దేవేందర్ ఉన్నడు. పోశయ్య రూమ్‌ల ఉండేటోడే, పక్క ఊరోడు, నలభై ఏండ్లుంటయ్, స్కాఫోల్డింగ్ పని. పోశయ్యను మామా అని పిలుస్తడు, ఏ మాటనన్న అంటడు. "భాయ్, మా మామకు అప్పజెప్పి చూడుండ్రి. పాయింట్లు కాకపోతే ఒక్కొక్కల్లకు ఒక కొడవలన్న చేసిస్తడు. ఎడారిల గడ్డి కోసుకుందాం" అన్నడు.

అఖీల్ సేఫ్టీ ఆఫీసు చుట్టు తిరిగి, నిప్పు పెట్టుకునే పర్మిట్ కాగితం తెచ్చిండు. కంచె పక్కన ఖాళీ జాగల పెట్టుకోమన్నరు. పోశయ్య లారీ బ్రేకు డ్రమ్ము తిరగేసి కొలిమి చేసిండు. ఖరాబైన ఏసీల కెంచి గాలి ఫ్యాన్ తీసి తిత్తి చేసిండు. బకాలా అనే కిరాణ దుకాండ్ల కబాబులు కాల్చే బొగ్గు దొరికింది. మందపాటి బీము ముక్కను ఇసుకల పాతి దాగలి చేసిండు. దానికి పసుపు లేకపోతే మెస్సుల కెంచి కూరల పసుపు తెచ్చి పెట్టి, ముట్టుకొని కండ్లకద్దుకున్నడు. దేవేందర్ ఎండకు ఓర్వక దాని మీద కూసోవోతే తన్ని లేపిండు.

"లే! దాగలి మీద కూసుంటవారా? మా అవ్వ చూస్తే నీ నడుము మీద సమ్మెట దించేది."

"ఇనుప దుంగనే కద మామా."

"నిన్నటిదాక దుంగ. పసుపు వెట్టినంక కాదు."

పది పాయింట్లు చేసిండు ఆ దినం. పొద్దున పదింటి కెంచి రెండింటి దాక, నెత్తి మీద ఎండ కొడ్తుంటే. ఇనుము ఎంతకూ ఎర్రవడ్తలేదని ఇంకా కాల్చిండు, ఇంకా కాల్చిండు. ట్యాంకు నీళ్లు అప్పటికే చాయ్ కాచినట్టున్నయని మెస్సుల కెంచి మంచు గడ్డలు తెచ్చి బకెట్ల వేసిండు. పాయింట్లు తళతళ మెరిసినయ్. తెల్లారి బ్రేకర్లకు పెట్టిండ్రు. గంట కాలే. పదిల ఎనిమిది కుండపెంకు లెక్క పెళ్లున ఇరిగినయ్.

ఎవ్వలు ఏమనలే. అదే పోశయ్యకు ఎక్కువ కొట్టింది. తిడితే తిట్టుకు జవాబు ఉంటది. అఖీల్ "పర్వాలేదు పోశన్నా, ఖలాస్, వదిలేయ్" అని భుజం తట్టిండు. ఆ దినం అన్నం కాడ పోశయ్య తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నడట. చేతులకు ఏం కాలేదు. మరి పని ఎట్ల పోయింది? పదిహేనేండ్లకు మనిషి చేతిల పని మర్చిపోతదా? ఊర్ల ఏ రైతన్న ఒక కర్రు వాపస్ తెచ్చిండా? కమ్మరి అని నోటితోని చెప్పుకున్న నాలుగు దినాలకే ఇట్ల అయింది. చెప్పకున్నా బాగుండు అనిపించింది.

రెండు దినాలు అట్లనే పోయినయ్. మూడో దినం పని కాడికి పోయే బస్సుల కూసుంటే, తలుపు కాడ ఎండ వచ్చి ఆయన చేతి మీద వడ్డది. చెయ్యి తెల్లగ వెలిసినట్టు కనవడ్డది. అప్పుడు తట్టింది. ఆడ బస్సులనే నెత్తి మీద కొట్టుకున్నడు.

"ఏమైంది మామా, దోమనా?" అన్నడు దేవేందర్.

"దోమ కాదురా, నేనే గాడిదను. ఎండల కాల్చిన ఇనుము రంగు ఎట్ల కనవడ్తదిరా? ఎర్రవడ్డా నల్లగనే కనవడె, నేను ఇంకా కాల్చితి. ఎక్కువ కాలి ఇనుము ఉమ్మెత్త గింజల లెక్క పలుకులు పలుకులైంది. ఇరుగక ఏం చేస్తది?"

ఆ సాయంత్రమే ప్లైవుడ్ ముక్కలు, పాత టార్పాలిన్లు అడుక్కొచ్చి కొలిమి చుట్టు కొట్టం కట్టిండు. ఒక్క వెలుగు చుక్క లోపటికి రాకుండ సందులన్ని గుడ్డలతోని కుక్కిండు. ఎండకాలం, రువైస్‌ల, నాలుగు దిక్కుల మూసిన కొట్టం, నడుమ కొలిమి. ఆలోచించుండ్రి. దేవేందర్ లోపటికి పోయి, వెంటనే బయటికొచ్చి, "మామా, నరకం గూడ ఇంత ముచ్చటగ కట్టరు" అన్నడు.

మళ్ల పది పాయింట్లు చేసిండు. ఈసారి ఒక్కటి ఇరుగలే. కని ఆరు వంగినయ్. కాంక్రీటుకు తాకంగనే మూతి మైనం లెక్క ముడుసుకున్నది.

ఇక్కడ జర నిమ్మలంగ వినుండ్రి. ఉలికి పదును పెట్టుడంటే ఉత్తగ కాల్చి ముంచుడు కాదు. ఎర్రగ కాల్చి, మొన ఒక్కటే నీళ్లల్ల ముంచి తియ్యాలె. ఇటుక ముక్కతోని గీకి మెరుపు తెచ్చి, తలుపు సందు కాడి వెలుగుకు వట్టాలె, ఈ రంగులు మాత్రం చీకట్ల కనవడయ్. అప్పుడు వెనుకనున్న వేడి మెల్లగ మొన దిక్కు నడుస్తది. నడుస్తుంటే రంగులు తేలుతయ్. మొదలు ఎండుగడ్డి రంగు, తర్వాత బెల్లం పాకం, తర్వాత వంకాయ, తర్వాత నెమలి మెడ. వంకాయ రంగు మొనకు వచ్చిన ఘడియ మొత్తం ముంచెయ్యాలె. తొందరవడి గడ్డిరంగుల ముంచితే గట్టిగ ఉండి పెచ్చులూడుతది. నెమలి మెడ దాటనిస్తే మెత్తవడి వంగుతది. పోశయ్య వాళ్ల నాయిన ఒక మాట అనేటోడు, ఇరిగితే నిప్పుది తప్పు, వంగితే కంటిది తప్పు అని.

వంగిన పాయింట్లు చూడంగనే పోశయ్యకు ఆ మాట యాదికొచ్చింది. వచ్చినా బయటికి అనలే. "ఇది ఏదో చైనా ఇనుము భాయ్, మన ఇనుము కాదు" అన్నడు అఖీల్‌తోని. మొన్న మంచి ఇనుము అన్నది తనే.

శుక్రవారం సెలవు. పొద్దున లక్ష్మవ్వ ఇమోల వీడియో కాల్ చేసింది. కొలిమి వెట్టిన సంగతి దేవేందర్ ముందే ఆమె చెవుల వేసిండు. "ఏమయ్యో, కొలిమి ముట్టిచ్చినవట, నాకు చూపియ్యవా? నువ్వు పోయిననాటి కెంచి మన కొట్టంల కోళ్లు పండుకుంటున్నయ్. ఒక్కసారి మంట చూపియ్యి" అన్నది.

పోశయ్యకు మనసుల లేకపోయినా ముట్టిచ్చిండు. దేవేందర్ ఫోన్ వట్టుకొని నిలవడ్డడు. చీకట్ల కొలిమి భగ్గుమనంగనే లక్ష్మవ్వ ఫోన్‌ను మొఖానికి దగ్గరగ జరుపుకున్నది. ఫోన్ల ఆమె మొఖం మీద గూడ ఆ ఎరుపు వడ్డట్టే ఉండె.

"తిత్తి ఎక్కడిది?"

"తిత్తి లేదత్తా, ఏసీ ఫ్యాన్" అన్నడు దేవేందర్.

"మంచిగైంది. నా పని ఫ్యాన్ చేస్తుందా? సమ్మెట గూడ దానికే ఇయ్యుండ్రి."

పోశయ్య నవ్విండు. నవ్వుకుంటనే ఒక పాయింట్ కాల్చి, మొన ముంచి, గీకి, టార్పాలిన్ సందు వెలుగుకు వట్టి చూస్తుండు. లక్ష్మవ్వ గూడ చూస్తుంది.

"ముంచు" అన్నది.

"ఆగవే, ఇంక గడ్డిరంగు గూడ రాలే."

"గడ్డిరంగు ఎక్కడిది, వంకాయ వచ్చేసింది. ముంచయ్యా!"

"నువ్వు ఫోన్ల చూస్తున్నవ్, ఫోన్ల రంగులు అట్లనే వస్తయ్."

"నెమలి మెడ వచ్చె! పాయె, దాటిపాయె. ఓ దేవేందర్, నువ్వు చెప్పు, నీకేం కనవడ్తుంది?"

దేవేందర్ ఫోన్ దించిండు. మామ దిక్కు చూసిండు, ఉలి దిక్కు చూసిండు. "నీలంగుంది మామా. నెమలి మెడ లెక్కనే ఉంది. అత్త చెప్పింది నిజం."

పోశయ్య ఆ ఉలిని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. ఆయనకు బూడిద రంగే కనవడ్తుంది. పాత గాజుసీసల కెంచి చూసినట్టు, అంత పసుపుపచ్చటి మసక. ఆ మసక ఎన్నేండ్ల కెంచి ఉన్నదో ఆయనకే ఎరక లేదు. ఇసుక మోసేటోనికి నీలం కనవడితే ఏంది, కనవడకపోతే ఏంది? పటకారుతోని ఉలిని నీళ్లల్ల వడేసిండు. అది సుయ్యిమన్నది.

ఫోన్ల లక్ష్మవ్వ గొంతు చిన్నగైంది. "ఎన్ని దినాల సంది అయ్యా?"

"ఏం లేదే. పొగ వట్టింది కంట్ల" అన్నడు.

ఫోన్ పెట్టేసినంక ఇద్దరు కూసున్నరు. దాగలి పక్కన, దాని మీద కాదు. దేవేందర్ పటకారు అందుకున్నడు. "మామా, నేను చెప్త. రంగు నేను చెప్త, నువ్వు ముంచు."

"నీకేం తెలుసురా రంగులు?"

"నేర్పు."

"వంకాయ రంగు కాడ చెప్పాలె. గుర్తువెట్టుకో, వంకాయ."

"ఏ వంకాయ? నల్ల వంకాయనా, గుత్తి వంకాయనా? మెస్సుల వంకాయ అయితే అది ఏ రంగుదో వండినోనికి గూడ తెల్వదు."

పోశయ్య ఆ దినం మొదటిసారి గట్టిగ నవ్విండు. నవ్వి, వెంటనే దేవేందర్ చెయ్యి వట్టుకున్నడు. "అల్లుడా, ఈ మాట అఖీల్‌కు చెప్పకు. ఎవ్వలకు చెప్పకు."

"ఎందుకు చెప్త?"

"కండ్లు లేని కమ్మరిని కమ్మరంటరారా?"

దేవేందర్ లేచి ఫ్యాన్ బంద్ చేసిండు.

అప్పటిసంది ఒక్క పాయింట్ వాపస్ రాలే. లోపట దేవేందర్ "గడ్డి... గడ్డి... బెల్లం... వంకాయ, ముంచు!" అని అరుసుడు, పోశయ్య ముంచుడు. బయట ఉన్నోళ్లు లోపట వంట చేస్తున్నరా అనుకునేటోళ్లు. దెబ్బ మాత్రం పోశయ్యదే. ఇనుము ఎంత మెత్తగైందో సుత్తి వాపస్ ఎగిరే తీరుల తెలుస్తదట. అది కంటితోని పని కాదు. మొన ఎంత సన్నగ సాగాలె, ఎక్కడ మందం ఉంచాలె, అన్ని చెయ్యే చూసుకునేది. పునాదుల పని అయిపోయింది. పక్క కంపెనీల పఠాన్లు గూడ తమ పాయింట్లు తెచ్చుడు మొదలువెట్టిండ్రు. వాళ్లు "లోహార్ చాచా" అని పిలుస్తరు. మన తెలుగోళ్లు "కమ్మరి మామ" అంటరు. పదిహేనేండ్లు హెల్పర్ అని పిలిపించుకున్న మనిషికి ఆ పిలుపు ఎట్లుంటదో చెప్పాల్నా? క్యాంపుల నడిచేటప్పుడు గూడ ఆయన నడుము జర నిటారుగైంది.

తొవ్వలన్ని తెరిచినంక కొత్త పాయింట్లు పెట్టెలకు పెట్టెలు వచ్చినయ్. అయినా అఖీల్ కొలిమి తీసెయ్యమనలే. కొత్తదాని కంటే పోశన్న సాగదీసిందే ఎక్కువ దినాలు నడుస్తుందని పనోళ్లే అడిగి తీసుకునేటోళ్లు.

అఖీల్ గూడ ఏమన్న గుడ్డోడా? ఒకనాడు టార్పాలిన్ ఎత్తి లోపటికి వచ్చిండు. దేవేందర్ బెల్లం అంటున్నడు. నిలవడి విన్నడు, వంకాయ దాక విన్నడు. టార్పాలిన్ దించి పోయిండు. వారం తర్వాత పోశయ్యను పిలిచి, ఒక చీటీ చేతిల పెట్టిండు. అబుధాబిల కండ్ల డాక్టర్ కాడ తారీఖు.

"శుక్లం అది పోశన్నా. మా అబ్బాకు గూడ అయ్యింది. పదిహేను నిమిషాల పని. తెల్లారి అన్ని సాఫ్ కనవడ్తయ్."

"డాక్టర్ కాగితం కంపెనీకి వస్తదా?"

"వస్తది."

"అండ్ల కండ్లు మంచిగ లేవని రాస్తే, నిప్పు పర్మిట్?"

అఖీల్ అబద్ధం చెప్పే మనిషి కాదు. "బాగయ్యేదాక ఆపుతరు. తర్వాత మళ్ల ఇస్తరో లేదో నా చేతుల లేదు. కని కండ్లు నీవి కద అన్నా."

పోశయ్య చీటీ మడిచి జేబుల పెట్టుకున్నడు. ఇగ చూడుండ్రి, ఆయన భయం డాక్టర్ కత్తికి కాదు. కత్తులు చేసిన చేతులాయనయి. పర్మిట్ ఒకసారి పోతే మళ్ల ఎవ్వడిస్తడు? వయసా, యాభై ఎనిమిది దాటె. కండ్లు వచ్చి కొలిమి పోతే ఏం చూడాలె, ఇసుకనా? అట్లని ఊకుంటే ఆ మసక పెరుగుతనే ఉంటది. ఇది ఆయనకూ ఎరుకనే. రెండు దిక్కులా లాగి లాగి తాడు లెక్కయింది ఆయన మనసు.

డాక్టర్ కాడి మొదటి తారీఖు నాడు జ్వరం అన్నడు, అఖీల్ ఇంకో తారీఖు తెచ్చిండు. రెండో తారీఖు నాడు బస్సు తప్పింది అన్నడు. బస్సు గేటు కాడ అరగంట నిలవడ్డదని అందరికి తెలుసు. లక్ష్మవ్వ అడిగితే "పోయొచ్చిన, చుక్కల మందు ఇచ్చిండ్రు" అని చెప్పిండు. ఫోన్ వట్టుకున్నది దేవేందరే. అత్త దిక్కు చూడలేక కెమెరాను కొలిమి దిక్కు తిప్పిండు.

మూడో తారీఖు నాడు నిజంగనే లేచిండు. తానం చేసిండు, తెల్లంగి తొడుక్కున్నడు, చీటీ జేబుల పెట్టుకున్నడు. బస్సుకు ఇంక టైముంది కద అని కొట్టం దిక్కు నడిచిండు. పఠాన్లు మొన్న ఇచ్చిన రెండు పాయింట్లు ఉన్నయ్. రెండే కద అని ముట్టిచ్చిండు. తెల్లంగి ఇప్పి మేకుకు తగిలిచ్చిండు.

గేటు కాడ బస్సు హారన్ కొట్టింది. దేవేందర్ ఉరికొచ్చిండు.

"యల్లా మామా, బస్సు వచ్చింది!"

"నిప్పుల ఇనుమున్నదిరా. నిప్పుల ఇనుము వెట్టి కమ్మరోడు లేవడు."

"నేను తీసి పక్కకు పెడ్త. నువ్వు పో."

"ఇప్పుడు తీస్తే ఖరాబైతది. జర కాలాలె."

"ఎంత కాలాలెనో నీకు కనవడ్తుందా?" అన్నడు దేవేందర్. అని, ఎందుకంటినా అని నాలుక కరుచుకున్నడు.

పోశయ్య తల ఎత్తలే. పటకారుతోని బొగ్గులు సర్దుకుంట, "నువ్వు చెప్పు మరి" అన్నడు.

బస్సు ఇంకోసారి హారన్ కొట్టింది. దేవేందర్ ఒక కాలు బయట, ఒక కాలు లోపట వెట్టి నిలవడ్డడు. తర్వాత టార్పాలిన్ వదిలి, లోపటికొచ్చి, కొలిమి పక్కన వంగిండు.

బస్సు పోయింది. చీటీ తెల్లంగి జేబుల ఉన్నది. అబుధాబికి ఫోన్ చేసి ఇంకో తారీఖు అడుగాలె. అడుగుత అన్నడు పోశయ్య. ఇప్పటిదాక అడుగలే.